పేరు పోయిన పొద

అనగనగా ఒక రాజు. రాజు అన్నాక ఒక రాణి. రాజు పేరు మహీధరుడు, రాణి పేరు హేమలేఖ. ఇదిగో, ఊఁ కొట్టేవాళ్ళకే కథ. నోరు తెరుచుకుని కూర్చుంటే కుదరదు. ఆ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ వినండి.

ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శరభుడు, నడిపివాడు సుబాహుడు, చిన్నవాడు ఉదయుడు. ముగ్గురూ మీసాలొచ్చినవాళ్ళే. ఇక పిల్లలు పుట్టరులే అనుకున్నాక రాణిగారు మళ్ళీ నీళ్ళోసుకుంది. నెలలు నిండాయి, ఆడపిల్ల పుట్టింది. కోటంతా ఒకటే సంబరం.

కోట వెనక గొడ్లసావిడి ఉంది. సావిడి పక్కన కంచె, ఆ కంచె పొడుగునా ఒక పొద. ఎవరూ నాటింది కాదు, ఎవరూ నీళ్ళు పోసింది కాదు. చిన్న చిన్న పువ్వులు గుత్తులు గుత్తులుగా పూసేది. వంకాయ మొక్క పూస్తుందే, ఆ వంగపువ్వు రంగు. నీలం అందామంటే నీలం కాదు, ఎరుపు అందామంటే ఎరుపు కాదు.

ఆ రాజ్యంలో ఎవరింట్లో పురుడొచ్చినా మంత్రసాని ముందు ఆ పొద దగ్గరికే వెళ్ళేది. చేతులు జోడించి, పేరు పెట్టి పిలిచి, "ఆకు ఇస్తావా తల్లీ" అని అడిగి, అప్పుడు తుంచేది. అదీ పొద్దుండగానే. పేరు పెట్టి అడక్కుండా తుంచితే అది ఉత్త ఆకు. అడిగి తుంచితే మందు. ఆ ఆకు వేసి కాచిన నీళ్ళు పోస్తే పచ్చిబాలింత లేచి నాలుగడుగులు వేసేది.

దాని పేరేంటి అంటారా? చెప్పను. ఇప్పుడే చెప్పేస్తే మాంత్రికుడు ఇక్కడే చచ్చి ఊరుకుంటాడు, కథా ఉండదు ఏమీ ఉండదు. కాసేపు ఓపిక పట్టండి.

రాణిగారి గదిలో ఒక చిలక ఉండేది. ముగ్గురు కొడుకుల్నీ ఊపిన ఉయ్యాల మీదే దాని కాపురం. రాణి జోలపాట పాడేది.

వంగపువ్వు రంగు చీర కట్టేదెవరమ్మా?
మేక కూడ ముట్టకుండ మిగిలేదెవరమ్మా?
అమ్మ ఒంటి నొప్పులన్ని తీసేదెవరమ్మా?

ఇలా మూడు అడిగి రాణి ఆగేది. ఆగడమే ఆలస్యం, చిలక ఆ పొద పేరు గట్టిగా అరిచి "జో జో!" అనేది. రాణి నవ్వేది. ఉయ్యాల్లో పిల్లాడు నవ్వేవాడు. జవాబు చెప్పడం తన ఉద్యోగం అన్నట్టుండేది ఆ చిలకకి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పాప పుట్టిన రోజు రాజుగారు సింహద్వారం దగ్గర నిలబడి అడిగినవాళ్ళకి అడిగినట్టు ఇస్తున్నారు. ఒక బైరాగి వచ్చాడు. ఒళ్ళంతా బూడిద, బుగ్గలు లోపలికి పోయాయి.

"ఏం కావాలి స్వామీ? బంగారమా, భూమా?" అన్నారు రాజుగారు.

"అవేవీ వద్దు. మూడే మూడు అడుగుతాను. నీ గొడ్లసావిడి కంచె దగ్గర పొద ఉందే, అది. దాని పువ్వు రంగు. దాని పేరు. నీళ్ళు ధారపోసి ఇయ్యి."

రాజుగారు పకపకా నవ్వారు. "ఓస్, ఇంతేనా! కంచె మొక్కకి కూడా ధారపోయాలా? తీసుకో!" అని చెంబు ఎత్తారు.

మొదటి ధార పడింది. కంచె దగ్గర పొద, దాంతోపాటు రాజ్యంలో ఉన్న అలాంటి పొదలన్నీ వేళ్ళతో సహా మాయమయ్యాయి. రెండో ధార పడింది. వంగపువ్వులు బూడిదరంగుకి తిరిగాయి, పావురాల మెడలు మసిబారాయి, రాణిగారి పెళ్ళిచీర అంచు వెలవెలబోయింది. మూడో ధార పడింది. అందరి నోళ్ళలోంచీ ఆ మాట ఎగిరిపోయింది.

"మాటకి ఒక గొంతు కావాలిగా!" అంటూ బైరాగి చెయ్యి సాచాడు. ఆ చెయ్యి తాడులా సాగి, కిటికీలోంచి రాణి గదిలోకి పోయి, చిలకని పట్టుకుని వెనక్కొచ్చింది. వాడు బైరాగీ కాదు పాడూ కాదు, కంకాళ మాంత్రికుడు. "ఏడు సముద్రాల అవతల మసిదీవిలో ఉంటాను. చేతనైతే రండి!" అని గాల్లో కలిసిపోయాడు.

అప్పుడు మంత్రసాని నాంచారి గొడ్లసావిడి దగ్గరికి వెళ్ళింది. పొద లేదు. పేరు పిలుద్దామని నోరు తెరిచింది. నాలుక ఆడలేదు. గుండెలు బాదుకుంటూ రాజుగారి ముందుకొచ్చింది.

"ఎంత పని చేశారు దొరా! మీరు ధారపోసింది కంచె మొక్క కాదు, అమ్మగారి ప్రాణం. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తెరవడం లేదు. ఇరవై ఒకటో రోజు పొద్దు గుంకేలోగా ఆ ఆకు నీళ్ళు ఒంటిమీద పడకపోతే అమ్మగారు మనకి దక్కరు."

రాజుగారు తన చేతి వంక చూసుకున్నారు. చేతిలో చెంబు ఇంకా అలాగే ఉంది.

పెద్దవాడు శరభుడు సైన్యంతో బయల్దేరాడు. ఏం తేవాలో అడుగుదామంటే ఎవరికీ పేరు రాదు. "అదే బాబూ... ఆ పూలుంటాయే..." అన్నారు. నాలుగు రోజులు తిరిగి ఏడు బళ్ళ గులాబీలు తెచ్చాడు. నాంచారి వాసన చూసి తల అడ్డంగా ఊపింది. నడిపివాడు సుబాహుడు బయల్దేరాడు. నాలుగు రోజులు తిరిగి అడవిలో ఉన్న ఆకులన్నీ మూటలు కట్టి తెచ్చాడు. నాంచారి ఒక్కో ఆకూ నలిపి చూసి మళ్ళీ తల ఊపింది. ఎనిమిది రోజులు గంగపాలు.

తొమ్మిదో రోజు పొద్దున్నే ఉదయుడు తల్లి మంచం పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. పెనంలా కాలుతోంది. లేచి తండ్రి దగ్గరికి వెళ్ళాడు.

"నాన్నగారూ, పోయింది ఎక్కడుందో వాడే చెప్పి వెళ్ళాడు కదా. మసిదీవికే వెళ్తాను."

రాజుగారు కొడుకు రెండు చేతులూ పట్టుకున్నారు. "తప్పు నాది నాయనా. నవ్వుతూ ఇచ్చేశాను. మీ అమ్మని బతికించు" అని ఏడ్చారు.

ఉదయుడు సముద్రం ఒడ్డుకి వచ్చాడు. అక్కడ ఇంత పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. పాపం అనుకుని దాన్ని తిరగేశాడు.

"చల్లగా ఉండు నాయనా. గుడ్లు పెట్టడానికొచ్చి అల తిప్పేస్తే పడ్డాను. ఎక్కడికి నీ ప్రయాణం?" అంది తాబేలు.

"మసిదీవికి. మా అమ్మ కోసం."

"అమ్మ కోసమా? అయితే ఎక్కు. పోవడానికి ఆరు రోజులు, రావడానికి ఆరు రోజులు."

ఉదయుడు వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. దీవిలో దిగేది పదిహేనో రోజు పొద్దున. మళ్ళీ ఎక్కాల్సింది ఆ సాయంత్రమే. చేతిలో ఉన్నది ఒక్క పగలు. అయినా ఎక్కి కూర్చున్నాడు.

ఉప్పు సముద్రం దాటారు, చెరకు సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు. అలా ఏడూ దాటారు. ఆగండి, చెరకు సముద్రంలో దిగి తాగొచ్చా అని అడక్కండి. వాడికి అంత తీరిక లేదు.

మసిదీవిలో ఇసక నలుపు, రాళ్ళు నలుపు. ఒడ్డున ఒక పిల్ల, ఆ పిల్ల పక్కన ఒక మేక. పిల్ల చేతులు మోచేతుల దాకా రంగులే.

"ఎవరు నువ్వు? వచ్చిన దారినే వెళ్ళిపో. కంకాళుడు వేటకెళ్ళాడు, పొద్దు వాలగానే వచ్చేస్తాడు" అందా పిల్ల.

ఉదయుడు సంగతంతా చెప్పాడు. ఆ పిల్ల విని కళ్ళు తుడుచుకుంది. "నా పేరు మంజిష్ఠ. మాది రంగులద్దే ఇల్లు. మూడేళ్ళయింది వీడు నన్నెత్తుకొచ్చి. లోకంలో వాడు దొంగిలించిన రంగులన్నీ నేను తొట్లలో చెడిపోకుండా చూడాలి. సాయం చేస్తే నన్ను తీసుకెళ్తావా?"

"నిన్నూ తీసుకెళ్తాను, నీ మేకనీ తీసుకెళ్తాను."

"ముందు మేక సంగతి చెప్పావు కాదేం" అంది మేక.

ముగ్గురూ తోటలోకి వెళ్ళారు. వెయ్యి పొదలున్నాయి. అన్నీ ఒకే ఎత్తు, ఒకే ఆకు, ఒక్కదానికీ పువ్వు లేదు. "అసలుది ఒక్కటే. మిగతావన్నీ మాయ. తప్పు పొద పీకావంటే అసలుది బూడిదైపోతుంది" అంది మంజిష్ఠ.

ఉదయుడు తల పట్టుకున్నాడు. అంతలో జోలపాటలో రెండో మాట గుర్తుకొచ్చింది. మేక కూడ ముట్టకుండ మిగిలేదెవరమ్మా?

"మేకమ్మా! మేస్తావా?"

"ఇలాంటి పనైతే చెప్పు, చేస్తాను" అని మేక మొదలెట్టింది. ఒక్కో పొదలో ఒక్కో ఆకు. వంద మేసింది, రెండొందలు మేసింది. పొద్దు నడినెత్తికొచ్చింది. "కడుపు పగిలిపోతోందర్రా" అని మూలుగుతూ ఎనిమిదొందలు మేసింది. ఉదయుడు నీడ చూసుకుంటున్నాడు, మేకని చూస్తున్నాడు. చివరికి ఒక మూల పొద దగ్గర మేక మూతి పెట్టి, తుపుక్కున తుమ్మి, వెనక్కి తిరిగింది. "ఛీ, ఇది నేను తినను" అంది. ఉదయుడు దాన్నే వేళ్ళతో పెకలించాడు. పొద పచ్చగా అలాగే ఉంది. అమ్మయ్య!

తరవాత రంగుల కొట్టం. మూడు పెద్ద తొట్లు. మూడింటి మీదా బూడిద నురగే. "నీ రంగు ఈ మూడింట్లో ఒకదాంట్లో ఉంది. ఎందులోనో నాకూ చెప్పలేదు వాడు. తొట్లో చూస్తే రంగు తెలీదు. నూలు ముంచి తీసి గాలికి పట్టాలి, అప్పుడు తేలుతుంది" అంది మంజిష్ఠ.

"మరి ముంచు, పొద్దు వాలిపోతోంది."

ఆ పిల్ల ఒక్క క్షణం తన చేతులు చూసుకుంది. "ఎవరికోసమైనా ముంచితే నా వేళ్ళు కట్టెలైపోవాలని వాడి శాపం. పరవాలేదు. అక్కడ ఒక తల్లి ఉంది కదా" అంది.

ఉదయుడు వద్దనేలోపే ముంచింది. మొదటి తొట్టి నూలు గాలికి నల్లబడింది. మంజిష్ఠ చిటికెనవేళ్ళు కట్టెలయ్యాయి. రెండో తొట్టి నూలు పచ్చబడింది. అరచేతులు కట్టెలయ్యాయి. మూడో తొట్టి నూలు పైకి తీసి పట్టుకున్నారు. బూడిదలా ఉంది... ఇంకా బూడిదలాగే ఉంది... గాలి తగిలింది. మెల్లిగా, నీలం కాని నీలం, ఎరుపు కాని ఎరుపు. వంగపువ్వు రంగు! ఉదయుడికి అమ్మ పెళ్ళిచీర అంచు కళ్ళముందు కదిలింది, ఏడుపొచ్చింది. తలపాగా విప్పి ఆ తొట్లో ముంచాడు. గుడ్డ రంగంతా పీల్చుకుంది. మంజిష్ఠ చేతులు మణికట్టు దాకా కట్టెలైపోయాయి.

ఇక మిగిలింది పేరు.

కోట మధ్యలో ఇనుప పంజరం, అందులో చిలక. చిక్కిపోయింది, ఈకలు రాలిపోయాయి. ఉదయుణ్ణి చూసి గుర్తుపట్టి రెక్కలు కొట్టుకుంది.

"చిన్నబాబూ! వచ్చావా?"

"వచ్చాను. ఆ పేరు చెప్పు, పోదాం."

చిలక బిక్కచచ్చిపోయింది. "చెప్పలేను బాబూ. వాడి ప్రాణం ఆ మాటలో దాచాడు. ఎవరికీ తెలీని మాట ఎవరు పలుకుతారులే అని. నేను పలికితే వాడు చస్తాడు. కానీ నా గొంతు కూడా పగిలి చస్తానన్నాడు. పోనీ నా మెడ నులిమేస్తావా? వాడు చస్తాడు. మాట కూడా చస్తుంది, అమ్మగారు బతకరు."

ఉదయుడు పళ్ళిస్తానన్నాడు. చిలక తల తిప్పుకుంది. పంజరం తలుపు తీశాడు. చిలక మూలకి నక్కింది. భయం పాపం. మీరైనా నేనైనా అంతే.

అంతలో నేల దద్దరిల్లింది. కంకాళుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మొక్క తీశావు, రంగు తీశావు. పేరు ఎలా తీస్తావురా?" అని నవ్వి గుప్పెడు బూడిద విసిరాడు. ఉదయుడి పాదాలు రాయైపోయాయి. మంజిష్ఠ అడ్డం రాబోయింది. ఒక్క తోపు తోశాడు, వెళ్ళి గోడకి కొట్టుకుంది.

కత్తి దూద్దామంటే వాడికి గాయం తగలదు. పారిపోదామంటే కాళ్ళు రాళ్ళు. ఉదయుడు ఏం చేశాడు? చిలక వంక చూసి పాట ఎత్తుకున్నాడు.

"వంగపువ్వు రంగు చీర కట్టేదెవరమ్మా?"

మోకాళ్ళ దాకా రాయి. "ఏంట్రా, చచ్చేముందు జోలపాటా?" అన్నాడు కంకాళుడు. ఆ పాట వాడెప్పుడూ వినలేదు. వాడికి జోల పాడిన వాళ్ళెవరున్నారు?

"మేక కూడ ముట్టకుండ మిగిలేదెవరమ్మా?"

నడుం దాకా రాయి. చిలక పంజరంలో అటూ ఇటూ తిరుగుతోంది. ముక్కు తెరుస్తోంది, మూస్తోంది.

ఛాతీ దాకా రాయి. ఊపిరి ఆడడం లేదు. ఉదయుడికి ఉయ్యాల గుర్తొచ్చింది, పెనంలా కాలిన అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. ఉన్న ఊపిరంతా కూడదీసుకున్నాడు.

"అమ్మ ఒంటి... నొప్పులన్ని... తీసేదెవరమ్మా?"

ఆగాడు. అమ్మ ఆగేచోట ఆగాడు. రాయి గొంతు దాకా వచ్చింది.

చిలక ఒళ్ళంతా వణికిపోతోంది. అమ్మ అడిగింది. అడిగితే జవాబు చెప్పాలి. చస్తే చస్తాననుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"వావిలమ్మా! వావిలీ! జో జో!"

కంకాళుడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ఒళ్ళు పైనుంచి కిందికి బూడిదై రాలింది. గుమ్మంలో తట్టెడు బూడిద, అంతే. ఉదయుడి ఒంటి మీద రాయి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మంజిష్ఠ వేళ్ళు కదిలాయి. మరి చిలక? ఒక కన్ను తెరిచింది, రెండోది తెరిచింది. "చావలేదే!" అంది. వాడు అబద్ధం చెప్పాడర్రా! బెదిరించి రెండు వారాలు దాని నోరు కట్టేశాడు, అంతే. ఆ చిలకకి ఎంత కోపమొచ్చిందో, బూడిద మీదకెళ్ళి రెట్ట వేసి మరీ వచ్చింది.

సరే, ఇప్పుడు నేను కూడా చెప్పొచ్చు. వావిలి. ఆ పొద పేరు వావిలి.

పొద్దు వాలుతుండగా అందరూ తాబేలెక్కారు. మేక కూడా. మాట కొత్తగా దొరికింది కదా, మళ్ళీ జారిపోతుందేమోనని భయం. ఆరు రోజులూ వంతులేసుకుని అన్నారు. ఉదయుడు నిద్రపోతే మంజిష్ఠ "వావిలి, వావిలి" అనేది. మంజిష్ఠ అలిసిపోతే చిలక. చిలక అలిసిపోతే మేక, అదీ విసుక్కుంటూ.

ఇరవై ఒకటో రోజు ఒడ్డుకి చేరేసరికి పొద్దు తాటిచెట్టెత్తున ఉంది. ఉదయుడు పొద భుజానేసుకుని పరుగెత్తాడు. కోట వెనక కంచె దగ్గరికొచ్చేసరికి సూర్యుడు సగం కుంగిపోయాడు. నాంచారి అక్కడే కూర్చుని ఉంది, పక్కనే కాగులో నీళ్ళు సలసలా మరుగుతున్నాయి. మూడు వారాలుగా రోజూ అలాగే కాస్తోందట. రాజుగారు పరుగున వచ్చి, పలుగు అందుకుని తన చేతుల్తో గొయ్యి తవ్వారు. పొద నేలలో దిగింది.

"పేరు, బాబూ, పేరు!" అంది నాంచారి.

ఉదయుడికి రొప్పులో మాట రాలేదు. చిలక నాంచారి భుజం మీద వాలి చెవిలో చెప్పింది. నాంచారి కళ్ళు మెరిశాయి. చేతులు జోడించింది.

"వావిలీ, ఆకు ఇస్తావా తల్లీ?"

గాలి లేకుండానే కొమ్మ వంగింది. పొద్దు అంచు ఇంకా వేలెడుండగానే నాంచారి ఆకు తుంచింది.

మరిగే కాగులో వేసి, చన్నీళ్ళు కలిపి, ఆ అంచు మునగకముందే రాణిగారి దగ్గరికి పరుగెత్తారు. మొదటి చెంబు పోశారు, రాణిగారు నిట్టూర్చింది. రెండో చెంబు పోశారు, జ్వరం దిగింది. మూడో చెంబు పోశారు, కళ్ళు తెరిచి "నా పిల్లేది?" అంది. ఉదయుడు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. బయట మంజిష్ఠ ఆ రంగు పీల్చుకున్న ఉదయుడి తలపాగా విప్పి గాలికి దులిపింది. ఆకాశం కిందివైపున ఒక చార వంగపువ్వు రంగులో వెలిగింది. ఊరంతా పెరళ్ళలోకి పరుగెత్తి వంకాయ మొక్కల్ని చూసుకుంది.

ఆ రోజే పాపకి బారసాల. పళ్ళెంలో బియ్యం పోశారు. రాజుగారు ఉంగరంతో పేరు రాయాలి. పురోహితులు పదహారు పేర్లు ఎంచి తెచ్చారు, ఒక్కోటీ బారెడు. రాజుగారు అవి పక్కన పెట్టి, బియ్యంలో వావిలి అని రాశారు.

"మహాప్రభూ, ఇంత గొప్ప వంశంలో పుట్టిన పిల్లకి కంచె మొక్క పేరా?" అన్నాడు మంత్రి.

"ఒకనాడు నేనూ అలాగే అని నవ్వాను మంత్రీ" అన్నారు రాజుగారు. "ఇప్పుడు ఈ ఇంట్లో రోజుకి వందసార్లు ఆ పేరు పిలుస్తాం. అన్నానికి పిలుస్తాం, ఆటకి పిలుస్తాం, అల్లరి చేస్తే కేకలేస్తాం. ఇన్ని నోళ్ళలో ఉన్న మాటని ఇక ఎవడు పట్టుకుపోతాడో చూస్తాను."

రాణిగారు ఉయ్యాల ఊపుతూ మూడు ప్రశ్నలూ అడిగింది. ఆగింది. ఈసారి చిలకొక్కటే కాదు, గదిలో ఉన్న వాళ్ళందరూ జవాబు చెప్పారు.

ఉదయుడికీ మంజిష్ఠకీ పెళ్ళయింది. పెళ్ళిచీర ఏ రంగో మీరే చెప్పండి. అన్నలిద్దరూ తమ్ముడికే రాజ్యం అన్నారు, ఉదయుడూ మంజిష్ఠా అరవయ్యేళ్ళు చల్లగా ఏలారు. మేక మాత్రం ఆ కంచె వైపు మళ్ళీ వెళ్ళలేదు.

చిక్కుళ్ళయ్యాయా? అయితే లేవండి. మన పెరట్లో కంచె పక్కన అది పూసే ఉంది, మీరు రోజూ దాని మీద బంతి వేస్తారు. ఈసారి బంతి తెచ్చుకోడానికి వెళ్ళినప్పుడు ఒక్కసారి పేరు పెట్టి పిలిచి రండి.